నాలుగో డ్రయ్యర్ శ్రుతి

ఏ వేషం ఎవరికి ఇవ్వాలో నన్నెవరూ అడగరు. అడక్కపోయినా చెప్తాను. అందుకే పాటల నాటకాలకి వెళ్ళినప్పుడు మా అమ్మాయికి నా పక్కన కూర్చోవాలంటే భయం. ఇంటర్వెల్‌లో నేను నోరు తెరిస్తే చాలు, "అమ్మా, ప్లీజ్, కార్‌లో చెప్పు" అంటుంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆటకి ఇద్దరం న్యూయార్క్ వెళ్ళాం. సీట్లో కూర్చోగానే చేతికిచ్చిన పుస్తకంలోంచి ఓ కాగితం ముక్క జారి ఒళ్ళో పడింది. ఇవాళ నాయిక వేషం వేసేది అసలావిడ కాదు, ఆవిడ బదులు ఫలానా ఆవిడ అని రాసుంది. చుట్టుపక్కలవాళ్ళు ఉసూరుమన్నారు. మా అమ్మాయి మొహం మాడ్చుకుంది. ఆ పెద్ద పేరు కోసమే నా చేత నాలుగు నెలల ముందు టికెట్లు బుక్ చేయించింది మరి. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. టీవీలో కనిపించే మొహాన్ని తెచ్చి పాటల నాటకంలో నిలబెడితే టికెట్లు అమ్ముడుపోతాయి గానీ పాట నిలబడదు. ఈ బదులు వేషాలవాళ్ళు ఉన్నారే, వాళ్ళు ఏళ్ళ తరబడి సైడ్ వింగ్‌లో నిలబడి పెదాలు కదుపుతూ ఎదురుచూసినవాళ్ళు. వాళ్ళకి పాట అంటే ఆకలి.

వచ్చినావిడకి యాభై ఏళ్ళుంటాయి. లావు మనిషి. నాయికకి ఉండాల్సిన అందం ఆవిడకి లేదని మా అమ్మాయి సణిగింది. రెండో అంకంలో ఆవిడ చేతులు రెండూ పక్కకి వేలాడేసి, ఒక్క అడుగు కదలకుండా ఓ పాట పాడింది. పాట అయిపోయేసరికి నేను సగం లేచి ఉన్నాను. నా గొంతు దాకా ఒక మాట వచ్చి అక్కడే ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టి ఊరుకున్నారు, నాటకం ముందుకి వెళ్ళిపోయింది.

"అమ్మా, ఆర్ యూ క్రయింగ్? ఇది సాడ్ పాట కాదు" అంది మా అమ్మాయి.

గొంతులో ఆగిపోయిన ఆ మాటని నాకు నేర్పిన మనిషి గురించి దానికి నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పాలంటే నేను చేసిన పనీ చెప్పాలి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మేం ఇండియా నుంచి, న్యూయార్క్ దగ్గరుండే పార్సిప్పనీ వచ్చాం. ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంట్ కాంప్లెక్సు. మగవాళ్ళందరివీ కంప్యూటర్ ఉద్యోగాలే. ప్రాజెక్టు అయిపోతే సోఫా ఎవరికో ఇచ్చేసి వెళ్ళిపోయేవారు, ఆ సోఫాలో ఇంకొకళ్ళు వచ్చి కూర్చునేవారు. సాయంత్రాలు మెట్లెక్కుతుంటే ఒక్కో అంతస్తులో ఒక్కో పోపు వాసన. ఏ ఇంట్లో ఇంగువ, ఏ ఇంట్లో వెల్లుల్లి అని పిల్లలం పందెం వేసుకునేవాళ్ళం. తలుపు కొట్టి అడిగి మరీ తేల్చుకునేవాళ్ళం. అడిగినందుకు ఎవరో ఒకరు చేతిలో ఓ వడో, కాస్త పులిహోరో పెట్టేవారు. అసలు పందెం దానికే.

మా పై ఇంట్లో ఉండేది ఆంటీ. నాకు ఆవిడ పేరు తెలిసినా ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు కాబట్టి ఇప్పుడూ పిలవను. ముప్ఫై ఏడో ముప్ఫై ఎనిమిదో ఉంటాయేమో, పిల్లల్లేరు. డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం చేయడానికి లేదు. మా అమ్మకి ల్యాబ్‌లో ఉద్యోగం, ఆరింటికి గానీ వచ్చేది కాదు. స్కూల్ బస్సు దిగినప్పటినుంచీ అప్పటిదాకా నేను ఆంటీ ఇంట్లో ఉండాలని ఒప్పందం. వెళ్ళేసరికి పొయ్యి మీద అటుకుల ఉప్మా సిద్ధంగా ఉండేది. పల్లీలు నా ప్లేటులో ఎక్కువ పడేవి. చల్లటి నీళ్ళు మాత్రం ఆ ఇంట్లో నిషేధం. ఫ్రిజ్ తలుపు తీస్తే వంటింట్లోంచి "గొంతమ్మా, గొంతు" అని వినపడేది. మంచినీళ్ళు గోరువెచ్చగా, పాలల్లో మిరియాలు. ఐస్‌క్రీమ్ తినాలంటే ఇంకొకళ్ళింటికి పోవాలి. నేను పోయేదాన్ని, వచ్చాక ఆవిడ నా గొంతు విని పట్టేసేది.

ఆవిడకి లోకమంతా వేషాలుగానే కనపడేది. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతూ ఏరుతూ నా చెవిలో, "ఆ కౌంటర్ దగ్గరాయన్ని చూడు, రాజు వేషం. ఆ పొట్టకి కిరీటం పెడితే చాలు" అనేది. మా నాన్నకి మంత్రి వేషం ఇచ్చింది, ఎవరేం చెప్పినా తల ఊపుతాడని. మా అమ్మకి పెద్ద రాణి. "అసూయ ఉంటుంది. కానీ చివరి అంకంలో మారుతుంది" అంది. నాకేం వేషం అని అడిగితే, ఇంకా చూస్తున్నానంది.

లైబ్రరీ నుంచి పాటల నాటకాల క్యాసెట్లు తెచ్చుకుని చూసేవాళ్ళం. ఇంగ్లీషు ఆవిడకి సగమే అర్థమయ్యేది, అభిప్రాయాలు మాత్రం పూర్తిగా ఉండేవి. తెర లేవకముందే వాయిద్యాలన్నీ వాయించడం మెచ్చుకునేది, అది మన పద్ధతేనట. పాడుతూ గెంతడం అస్సలు నచ్చేది కాదు. కాళ్ళు పరిగెడుతుంటే గొంతు ఎక్కడ నిలుస్తుందని వాదన. సన్నగా, తెల్లగా ఉన్న ఓ నాయికని చూసి, ఈవిడ పాట పాడటం లేదు, పాట వెనకాల పరిగెడుతోందంది. ఆ నాటకంలోనే ఓ వంటమనిషి వేషం ఉంది. నాలుగు నిమిషాలు కనిపిస్తుంది. ఆంటీ ఆ నాలుగు నిమిషాల్నీ మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది. "ఇంత గొంతు పెట్టుకుని ఈవిడ చేత గిన్నెలు తోమించారు. వేషం ఇచ్చినవాడి చెవులు ఎక్కడ పెట్టుకున్నాడో" అంది. నిజంగా కోపమొచ్చింది ఆవిడకి. అప్పటికి అది ఎందుకో నాకు తెలీదు.

తెలిసింది లాండ్రీ రూములో.

మా బిల్డింగ్ కింద లాండ్రీ రూములో ఐదు డ్రయ్యర్లుండేవి. సబ్బు వాసన, వేడి గాలి, ఎవరిదో ఎప్పుడూ ఒంటరిగా పడుండే మేజోడు. నాలుగో డ్రయ్యర్ తిరిగేటప్పుడు సన్నగా ఒకే మోత మోగేది. మధ్యాహ్నాలు అక్కడెవరూ ఉండరు. ఓ రోజు బస్సు ముందొచ్చి నేను కిందకి దిగేసరికి, ఆంటీ నాలుగో డ్రయ్యర్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని పద్యం పాడుతోంది. పద్యం చివర రాగం తీసింది. అది ఎంతసేపుందో చెప్పలేను. నేను తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయాను. కళ్ళు తెరిచి నన్ను చూసి ఆవిడ భయపడింది. తర్వాత మెల్లిగా, "ఇది ఒకటిన్నర శ్రుతి అమ్మడూ, హార్మోనియం అక్కర్లేదు" అంది.

నేను అల్లరిదాన్ని. ఆ తర్వాత ఆవిడ పాడుతుంటే మధ్యలో డ్రయ్యర్ తలుపు తెరిచేసేదాన్ని, మోత ఆగిపోయేది. ఆవిడ ఆగేది కాదు. నాలుగు పాదాలూ అయ్యాక తలుపేసి మీట నొక్కితే, ఆ మోతా ఆవిడ గొంతూ ఒకటే చోట ఉండేవి. ఎన్నిసార్లు చేసినా ఓడిపోయేదాన్ని.

ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఇరవై రెండేళ్ళ దాకా ఆవిడ నాటకాల్లో వేషాలు వేసింది. తండ్రిది నాటక సమాజం. ఊరూరా తిరిగేవారు, ఆవిడ బడికి వెళ్ళింది ఏ ఊళ్ళోనూ నెల దాటి లేదు. అంకుల్ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో వరసగా పదకొండు ఆటలు ముందు వరసలో కూర్చుని చూసి, పన్నెండో ఆటకి వెళ్ళి పెళ్ళి మాట అడిగారట. ఆయన తల్లికి మాత్రం నాటకాల అమ్మాయి అని చెప్పలేదు. సంగీతం మేష్టారి కూతురని చెప్పారు. అదే మాట ఇక్కడా అందరికీ చెప్పారు, ఎందుకంటే అంకుల్ వాళ్ళ పెదనాన్నగారి కోడలు మా కాంప్లెక్సులోనే, మూడో బిల్డింగ్‌లో ఉండేది. పెళ్ళయి పదిహేనేళ్ళయినా అత్తగారికి తెలీదు. రాబోయే వేసవిలో అత్తగారు మొదటిసారి ఆరు నెలలు ఉండటానికి వస్తోంది. ఆవిడ కోసం కొత్త పరుపు కొన్నారు. ఆంటీ నా చేత ఒట్టు వేయించుకోలేదు. "నీకు చెప్పాను అమ్మడూ" అంది, అంతే. ఆ నమ్మకానికి ఒట్టు అవసరం లేదనుకుంది.

వంటింట్లో పసుపు డబ్బా వెనక ఓ చిన్న రేకు డబ్బా చూపించింది. లోపల గడ్డకట్టిన పసుపుపచ్చ రంగు, అర్దళం అంటారట, మొహానికి రాసుకునేది. కొబ్బరినూనె వాసన, ఇంకేదో పాత పౌడరు వాసన కలిసి వచ్చింది. అప్పుడే వన్స్ మోర్ సంగతి చెప్పింది.

పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిస్తే పాడాలి. కథ ఎక్కడున్నా సరే. ఓసారి వాళ్ళ నాన్న యుద్ధంలో పడి చచ్చిపోతూ పద్యం పాడి కళ్ళు మూశాడట. జనం వన్స్ మోర్ అన్నారు. ఆయన లేచి, కిరీటం సర్దుకుని, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయాడు. మళ్ళీ వన్స్ మోర్. ఆ రాత్రి మూడుసార్లు చచ్చిపోయాడని చెప్తూ ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. నేను నేల మీద పడి దొర్లాను. నవ్వు ఆగాక, "కానీ తెర పడేలోపు పాడాలి అమ్మడూ. అడిగినప్పుడు దిగిపోయి, తెర పడ్డాక పాడితే అది వన్స్ మోర్ కాదు, ఏడుపు" అంది.

నాకు పదమూడో ఏడు వచ్చింది. స్కూల్లో పాటల నాటకం వేస్తున్నారని, వేషాలకి పాడి చూపించాలని కాగితం ఇచ్చారు. సముద్రం ఒడ్డున ఓ ఊరు, దీపస్తంభం కాసేవాడి కూతురు నాయిక. ఆమెకి ఆరు పాటలు, తెల్లగౌను. ఆమె నాయనమ్మకి ఒకటే పాట. పడవ మీద వెళ్ళి తిరిగిరాని ముసలాయన గురించి ఒడ్డున కూర్చుని పాడుతుంది, కెరటం వెనక్కొచ్చింది, నువ్వు రాలేదు అని. నాకు తెల్లగౌను కావాలి. ఆంటీ రెండు పాటలూ నా చేత పాడించుకుని విని, "నీకు పదమూడు, నీ గొంతుకి అరవై. ముసలమ్మ వేషం అడుగు" అంది. నేను రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. పల్లీలు ఏరి ప్లేటు పక్కన పెట్టాను.

వెళ్ళి నాయిక వేషానికే పాడాను. మ్యూజిక్ టీచరు నాయిక వేషం ఒక తెల్ల అమ్మాయికి ఇచ్చి, నాకు నాయనమ్మ ఇచ్చింది. ఆ అమ్మాయి గొంతు దారప్పోగంత. నా రంగు చూసి ఇలా చేశారని ఆంటీ ఒళ్ళో పడి ఏడ్చాను. ఆవిడ కాదనలేదు. "కావచ్చు. రంగు చూసి ఇచ్చిందో, గొంతు విని ఇచ్చిందో ఆవిడకే తెలుసు. నువ్వు పాడాక మాత్రం, ఈ వేషం ఇంకొకళ్ళది అని ఎవరూ అనకూడదు" అంది.

అప్పుడు మొదలైంది అసలు సాధన. రోజూ నాలుగో డ్రయ్యర్ దగ్గర. ఆ ఇంగ్లీషు పాటని ఆవిడ నా చేత చెప్పించుకుని తెలుగు అక్షరాల్లో రాసుకుంది, నా కన్నా ముందు తనకే కంఠతా వచ్చేసింది. చేతులు కదపొద్దంది. ఎదురుచూసే మనిషికి చేతులుండవు, కళ్ళే ఉంటాయంది. ఆఖరి మాట దగ్గర ఊపిరి దాచుకోవడం నేర్పించింది, కడుపు మీద చెయ్యి పెట్టి. వేడి గాలికి ఇద్దరికీ చెమటలు పట్టేవి. ఎవరైనా బట్టలతో వస్తే ఇద్దరం దుప్పట్లు మడత పెడుతున్నట్టు నటించేవాళ్ళం. ఒక్క దుప్పటిని ఆ నెలన్నరలో ఎన్నిసార్లు మడిచామో. నా జీవితంలో అంత శ్రద్ధగా నాకు ఇంకెవరూ ఏదీ నేర్పలేదు. అది అప్పుడు తెలియలేదు.

ఆట ఆదివారం మధ్యాహ్నం. స్కూల్లో ఓ తల్లి నా మొహం మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా ముడతలు గీసింది. ఆంటీ వెనక గది దాకా వచ్చి అవన్నీ తుడిచేసి, నన్ను నవ్వమని, నవ్వినప్పుడు ఎక్కడ మడత పడిందో అక్కడే మళ్ళీ గీసింది. పదిహేనేళ్ళ తర్వాత మేకప్ గదిలో నిలబడ్డ మనిషి అని నాకు తట్టనే లేదు. నేను నా తోటి పిల్లలు ఆవిడ చీరని చూస్తున్నారా అని చూస్తున్నాను.

నా పాట వచ్చింది. చేతులు కదపలేదు. ఆఖరి మాట దగ్గర దాచుకున్న ఊపిరి ఉంది. తర్వాత చప్పట్లు. ఆ చప్పట్ల మీదుగా మూడో వరసలోంచి, స్పష్టంగా, గుండె నిండా, "వన్స్ మోర్!"

ఆంటీ లేచి నిలబడి ఉంది. రెండు చేతులూ పైకెత్తి మళ్ళీ అరిచింది. ముందు వరసల్లో ఉన్నవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. ఎవరో నవ్వారు. సైడ్ వింగ్‌లో తెల్లగౌను అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పియానో దగ్గర మ్యూజిక్ టీచరు ఆంటీని చూసింది, నన్ను చూసింది, చిరునవ్వు నవ్వి పియానో మెట్ల మీద మళ్ళీ వేళ్ళు పెట్టింది. నేను ఊ అంటే వాయించేది. ఈ ముప్ఫై ఏళ్ళలో నేను మనసులో ఎక్కువసార్లు చూసింది ఆ వేళ్ళనే. ఆంటీ మొహంలో ఒకటే ఉంది: ఇప్పుడు పాడుతుంది, నా పిల్ల మళ్ళీ పాడుతుంది. నేను తల అడ్డంగా ఊపి, ఇంకా రెండు మాటలు చెప్పాల్సి ఉండగానే లోపలికి వెళ్ళిపోయాను.

ఆట అయ్యాక బయట హాల్లో మా వాళ్ళంతా నిలబడ్డారు. అమ్మా నాన్నా, ఆంటీ అంకుల్, మూడో బిల్డింగ్ కోడలుగారు, ఇంకో రెండు కుటుంబాలు. వెనకాల నా క్లాసు అబ్బాయిలిద్దరు "వన్స్ మోర్, వన్స్ మోర్" అని ఆంటీ యాసలో అంటూ పోతున్నారు. కోడలుగారు నవ్వుతూ, "ఏంటండీ, ఊళ్ళో నాటకంలో అరిచినట్టు అరిచారు" అంది. ఆంటీ ఇంకా ఆ సంతోషంలోనే ఉంది. "ఎంత బాగా పాడిందండీ, ఆగలేకపోయాను" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరికీ అర్థం కావాలని తెలుగులోనే అన్నాను.

"ఆంటీ ఇండియాలో నాటకాల్లో వేషాలు వేసేవారు. ఊరూరా తిరిగి. అందుకే అలా అరిచారు."

అంకుల్ నేల చూపులు చూశారు. మా అమ్మ నా జబ్బ పట్టుకుంది. కోడలుగారు "అలాగా" అని సాగదీసింది. ఆంటీ నన్ను చూసింది. అప్పటికే నాకు ఏడుపొచ్చేస్తోంది, ఏం చేశానో నోరు దాటాక తెలిసింది.

ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుని నా చెంప అద్దింది. "ఏడవకు అమ్మడూ. ముడతలు చెరిగిపోతున్నాయి" అంది. తర్వాత కోడలుగారి వైపు తిరిగి, మామూలు గొంతుతో, "అవునండీ, వేశాను" అంది.

ఆ వారంలోనే ఫోన్లు సముద్రం దాటాయి. అత్తగారు ప్రయాణం మానుకుంది. ఆ చేతి నీళ్ళు ముట్టనని అందని మా అమ్మా నాన్నా గుసగుసలాడుకుంటుంటే విన్నాను. కొత్త పరుపు అట్టపెట్టెతోనే వాళ్ళ గోడకి ఆనించి ఉండేది, మెట్లెక్కుతూ కిటికీలోంచి చూసేదాన్ని. కాంప్లెక్సులో ఆడవాళ్ళు ఆవిడతో మాటలు మానలేదు, ఇంకాస్త నవ్వుతూ మాట్లాడటం మొదలుపెట్టారు. పిక్నిక్‌లో ఎవరో ఓ డైలాగ్ చెప్పమన్నారు. మా అమ్మ నాకు ఇంటి తాళంచెవి ఇచ్చి, పెద్దదానివయ్యావు, ఇంట్లోనే ఉండమంది. నేను ఎదురు చెప్పలేదు. పైకి వెళ్ళాలంటే పదమూడు మెట్లు. వెళ్ళి తప్పయిందని చెబుదామని ఎన్నోసార్లు సగం దాకా ఎక్కాను. అటుకుల ఉప్మా వాసన వచ్చేది. దిగిపోయేదాన్ని.

లాండ్రీ రూములో ఆవిడ పాట మళ్ళీ వినపడలేదు. వేసవి చివర్లో అంకుల్‌కి వేరే రాష్ట్రంలో, బెంటన్‌విల్ అనే ఊళ్ళో ప్రాజెక్టు వచ్చింది. సెలవులైపోయాక, వాళ్ళు వెళ్ళిన రోజు నేను స్కూల్లో ఉన్నాను. వచ్చేసరికి మా తలుపు ముందు మూత పెట్టిన గిన్నె. ఉప్మా చల్లారిపోయింది. పల్లీలన్నీ పైనే ఉన్నాయి.

నేను మళ్ళీ ఏ నాటకంలోనూ పాడలేదు. కారణం అడిగితే చదువనేదాన్ని. చూడటం మాత్రం మానలేకపోయాను. మా అమ్మ, ఇప్పుడు డెబ్భై దాటాక, ఓసారి తనంతట తనే ఆంటీ మాట ఎత్తింది. ఆ రోజు నేనన్నా ఒక మాట అడ్డం వేసుండాల్సిందమ్మా, అంది. పెద్ద రాణి చివరి అంకంలో మారుతుందని ఆంటీ చెప్పనే చెప్పింది. చూడటానికి ఆవిడ లేదు.

లేదని నాకు తెలిసింది పోయిన ఏడాదే. షాంటిలీలో ఎవరిదో గృహప్రవేశం. భోజనాల దగ్గర ఓ పెద్దాయన చాలాసేపు నన్ను చూసి, దగ్గరికి వచ్చి, "ముసలమ్మ వేషం వేసింది నువ్వే కదమ్మా" అన్నారు. అంకుల్. జుట్టంతా నెరిసిపోయింది. ఆంటీ పోయి నాలుగేళ్ళయిందని చెప్పారు. అంకుల్, ఆ రోజు నేను, అని మొదలుపెట్టాను. ఆయన వినిపించుకోలేదు, వేరే ఏదో చెప్పడానికే వచ్చారు.

"నీ మీద కోపం లేదమ్మా తనకి. ఎప్పుడూ తన మీదే. నేను నోరు మూసుకుని కూర్చునుంటే ఆ పిల్ల పాట మానేది కాదు అని బాధపడేది. మానేశావని ఎవరో చెప్పారు. ఆ పాట కాగితం దాచుకుంది, తెలుగులో రాసుకున్నది."

పాతికేళ్ళకి పైగా ఆవిడ దాన్ని తన తప్పనుకుంది. నేను చేసిన ద్రోహం ఆవిడ లెక్కలోనే లేదు. ఒక్క ఫోన్ చేసి, కాదు ఆంటీ, మీ వల్ల కాదు, అని చెప్పి ఉంటే అయిపోయేది. బెంటన్‌విల్ ఏమంత దూరం?

"ఇప్పుడు పాడుతున్నావా అమ్మా?" అని అడిగారు అంకుల్.

పాడుతున్నానని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "తనకి తెలిసుంటే బావుండేది" అన్నారు.

మొన్న ఆట నుంచి ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. మా అమ్మాయి స్నేహితురాళ్ళతో బయటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది. పార్సిప్పనీలో ఆ కాంప్లెక్సుకి పేరూ రంగూ మార్చి, లాండ్రీ రూములు తీసేసి, ఇంటింటికీ మెషీన్లు పెట్టారట. మా ఇంట్లోనూ ఉంది ఒకటి. కిందకి దిగి, ఖాళీ డ్రయ్యర్ తిప్పాను. దీని మోత ఒకటిన్నర కాదు, ఇంకాస్త కిందకి ఉంది. అయినా అరచెయ్యి ఆనించి, ఆ పాట పాడాను. గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు దానికీ నాకూ వయసు దగ్గరపడింది, వేషం సరిగ్గా సరిపోతుంది. మూడో పాదం మర్చిపోయాననుకున్నాను, తెలుగు అక్షరాల్లో గుర్తొచ్చింది.

పాట అయ్యాక కాసేపు ఆగాను. వాళ్ళ నాన్న చచ్చిపోయి కూడా రెండుసార్లు లేచాడని ఆంటీ నవ్విన నవ్వు గుర్తొచ్చి, ఖాళీ గదిలో, "వన్స్ మోర్" అన్నాను. అని, నేనే మళ్ళీ మొదలుపెట్టాను. తెర పడ్డాక పాడితే అది ఏడుపేనని ఆవిడ ముందే చెప్పింది. డ్రయ్యర్ ఆగేదాకా పాడాను.